కోర్లు ఎన్ని ఉంటే అంత వేగమా?

పిల్లలూ! మీరెప్పుడైనా నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ వెళ్ళారా? అక్కడ శిల్పులు రాళ్ళు చెక్కుతూ కనిపిస్తారు. ఆ ఉలుల చప్పుడు వింటూ ఎంతసేపైనా నిలబడతాను నేను.

మండపానికి నాలుగు స్తంభాలు కావాలనుకోండి. నలుగురు శిల్పులు తలా ఒకటి చెక్కితే పని నాలుగోవంతు కాలంలో తెమిలిపోతుంది. మరి విగ్రహానికి కళ్ళు తీర్చేటప్పుడో? ఒక్క చెయ్యే ఆడాలి. తక్కిన ముగ్గురూ చూస్తూ కూచోవలసిందే!

కంప్యూటరు ప్రాసెసరులో 'కోర్' అనేది ఇలాంటి పనివాడే. పూర్వం ఒక్కడే ఉండేవాడు. వాణ్ణి తొందరపెట్టినకొద్దీ చిప్పు వేడెక్కిపోసాగింది. అందుచేత ఇంటెల్, ఎ.ఎం.డి. కంపెనీలు దారి మార్చి, 2005లో ఇళ్ళలో వాడే కంప్యూటర్లకు రెండు కోర్ల చిప్పులు తెచ్చాయి. ఇప్పుడు జేబులో ఫోనుకే ఎనిమిది కోర్లు!

"ఎనిమిది కోర్లుంటే ఎనిమిది రెట్లు వేగమా, మాస్టారూ?" అని నంద్యాలలో మీ నాన్నగార్ల వంటివారు నన్ను అడుగుతుంటారు. లెక్క వేసి చూడండి. 10 నిమిషాల పనిలో 2 నిమిషాల పని ఒక్కడే చెయ్యవలసినది. మిగిలిన 8 నిమిషాల పనినీ ఎనిమిది కోర్లు పంచుకుంటే 1 నిమిషం. వెరసి 3 నిమిషాలు. అంటే మూడు రెట్ల పైన కాస్త చిల్లర, అంతే! నూరు కోర్లు పెట్టినా ఆ 2 నిమిషాలు తగ్గవు గదా. ఈ సంగతి జీన్ అమ్‌డాల్ అనే అమెరికా ఇంజనీరు 1967లోనే చెప్పాడు.

వీడియోలు కూర్చేవారికి ఎక్కువ కోర్లు కలిసివస్తాయి. పాఠాలు చదువుకునే పిల్లవాడికి నాలుగు చాలు. మిగిలిన డబ్బుతో మెమరీ కొంచెం ఎక్కువ వేయించమంటాను.