గోరు ఆగే చోట

మా ఇంట్లో చేపల తొట్టి ముందువైపు అద్దం మీద గీతలు పడ్డాయని నేను గమనించింది ఒక రాత్రి, లైటు వేసినప్పుడు. పగలు పెద్దగా కనిపించవవి. మూతలో ఉన్న ఎల్ఈడీ పట్టీ వెలిగితే మాత్రం సన్నటి వెంట్రుకల్లా వందలకొద్దీ బయటికొస్తాయి. అడ్డదిడ్డంగా కూడా లేవు. అన్నిటికీ ఒకటే వంపు. ఎవరో పైనుంచి కుడిచెయ్యి లోపలికి పెట్టి, మోచెయ్యి కదపకుండా గుండ్రంగా తోమితే ఎలా పడతాయో అలా ఉన్నాయి.

ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను తోమలేదు.

తొట్టి పెద్దదేం కాదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. నిండా పోస్తే 70 లీటర్లు పడుతుంది. 2020లో, బయటికి పోవడానికి లేక గోడల్ని చూస్తూ కూర్చున్న రోజుల తర్వాత కొనుక్కున్నాను. అందులో మోలీలు, ప్లాటీలు ఉంటాయి. హైదరాబాద్ బోరు నీళ్ళలో ఉండే సున్నం వాటికి పడుతుంది కాబట్టి అవే ఎంచుకున్నాను. ఆఫీసు కాల్స్ మధ్యలో వాటిని చూస్తూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది. అమ్మ తణుకులో ఇల్లు అద్దెకిచ్చేసి నా దగ్గరికొచ్చాక ఆ కుర్చీ అమ్మదైంది.

అమ్మకి తోమడం ఒక విద్య. ఇత్తడి బిందెకి చింతపండు, కంచు గిన్నెకి బూడిద, మసిబొగ్గైన మూకుడుకి ఇటుకపొడి. ఏ సామానుకి ఏది పెట్టి ఎంత బలంగా రుద్దాలో ఆవిడ చేతికి తెలుసు. మా చిన్నప్పుడు బావి గట్టు మీద ఆవిడ తోమి బోర్లించిన గిన్నెల్లో మా మొహాలు చూసుకుని వెక్కిరించుకునేవాళ్ళం. ఇత్తడి మీద కూడా పీచు గీతలు పెడుతుంది, కాకపోతే ఒకదానిమీదొకటి పడి పడి అవే మెరుపైపోతాయి. అద్దం అలా కాదు. పడిన ప్రతి గీతా దేనికది విడిగా నిలబడి వెలుతురుని పట్టుకుంటుంది.

నేను ఆఫీసుకెళ్ళిన రోజుల్లో అమ్మ గిన్నెలు తోమే స్టీలు పీచు పెట్టి తొట్టి తోముతోంది. ఒట్టి పీచైతే ఇంత నష్టం ఉండేది కాదేమో. అడుగున పరిచిన ఇసక రేణువులు ఆ పీచులో చిక్కుకున్నాయి. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద మామూలు అద్దం దాదాపు 5.5 దగ్గర ఉంటుంది, ఇసకలోని క్వార్ట్జ్ 7 దగ్గర. గట్టిది మెత్తదాన్ని గీస్తుంది. అంతే సంగతి.

ఆ రాత్రి నేను నిదానంగా అడగాల్సింది. అడగలేదు. ఆ రోజు ఆఫీసులో ఏదో అయింది, అదేంటో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

"ఎన్నిసార్లు చెప్పాను దాని జోలికెళ్ళొద్దని?"

"మసకగా ఉందే. ఎంత తోమినా వదలట్లేదు."

"మసకా? నిన్నటిదాకా నీళ్ళల్లే ఉంది అద్దం. ఇన్ని గీతలు పెట్టావు, కళ్ళు కనపడట్లేదా నీకు?"

అమ్మ ఏమీ అనలేదు. చెయ్యి కొంగుకి తుడుచుకుంది. తడేం లేదు దానికి. మర్నాటి నుంచి ఆ కుర్చీలో కూర్చోలేదు. చేపలకి మేత వెయ్యడం కూడా మానేసింది.

నెలన్నర తర్వాత ఒకరోజు కంచంలో అన్నంతో పాటు రాయి వచ్చింది. వారంలో అది మూడోసారి. మా అమ్మ ఏరిన బియ్యంలో రాయి రావడం నా ఎరుకలో అదే మొదలు. ఆ సాయంత్రం బాల్కనీలో నిలబడి, వీధిలైటు చుట్టూ గుండ్రంగా రంగులు కనిపిస్తున్నాయి, దీపావళికేమైనా పెట్టారా అనడిగింది. అప్పటికి దీపావళి వెళ్ళి రెండు నెలలైంది. శనివారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

రెండు కళ్ళకీ శుక్లాలు. కుడికన్ను బాగా ముదిరింది. డాక్టరు ఒక ప్లాస్టిక్ కన్ను బొమ్మ చేతిలో పట్టుకుని వివరించింది. లోపలి కటకం పుట్టినప్పుడు తేటగా ఉంటుంది, వయసు మీద పడేకొద్దీ అందులోని మాంసకృత్తులు గడ్డకట్టి తెల్లగా, పసుపుగా మారతాయి, వెలుతురు తిన్నగా పోకుండా లోపలే చెదిరిపోతుంది, దీపాల ముందు మరీ ఎక్కువ. చెప్పి, అమ్మని అడిగింది: "ఎన్నాళ్ళ నుంచి మసకగా ఉందమ్మా?"

"నాకేం మసక లేదు డాక్టరుగారూ. మా అమ్మాయి ఇంట్లోనే అద్దాలన్నీ మసక. టీవీ, కిటికీలు, ఆ చేపల తొట్టీ. ఎంత తుడిచినా తేటపడవు."

డాక్టరు నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నేను గోడమీది అక్షరాల చార్టు చూస్తూ కూర్చున్నాను.

ఆపరేషన్ విజయవాడలో అక్క దగ్గర పెట్టుకున్నాం. అక్కకి సెలవు దొరికింది, నాకు దొరకలేదు. కుడికంటికి చేసే రోజు నేనూ వెళ్ళాను. చేసింది ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. మర్నాడు కట్టు విప్పాక అమ్మ మొదట చూసింది అక్క కట్టుకున్న చీర. "ఇది నీలమా? నేను బూడిదరంగనుకున్నానే" అంది. తర్వాత నా వైపు తిరిగి "నీకిన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే?" అంది. చుక్కల మందు వెయ్యడానికి రెండు వారాలు అక్క దగ్గరే ఉంటుందనుకున్నాం.

తిరుగు బస్సులో నాకొకటే ఆలోచన. ఇప్పుడావిడకి కనిపిస్తుంది. ఇంటికొచ్చి లైటు వేస్తే, ఆ గీతలన్నీ కనిపిస్తాయి.

కొత్త తొట్టి కొనొచ్చు. ఆ మాట మా వీధి చివర ఫొటోలకి ఫ్రేములు కట్టే అతను కూడా అన్నాడు. కానీ కొత్తది తెస్తే పాతదెందుకు తీసేశావని అమ్మ అడుగుతుంది. ఆ ప్రశ్నే నాకొద్దు.

ఫోన్లో ఫొటోలు చూసి అతను, "గోరు పెట్టి అడ్డంగ గుంజుండ్రి మేడం. జారిందనుకోండ్రి, పాలిష్‌కు పోతది. గోరు ఆగితే ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. అంటూనే చేతిలో అద్దం మీద కట్టర్‌తో ఒక గీత గీసి, బల్ల అంచున పెట్టి చిన్నగా నొక్కాడు. గీత పొడుగునా తెగిపోయింది. అద్దాన్ని నిజానికి ఎవరూ కొయ్యరని అప్పుడు తెలిసింది. గీత గీస్తారు, ఆ గీత వెంబడి అదే విరుగుతుంది. మీదికి ఏమీ కానట్టే ఉంటుంది, బలం మాత్రం అక్కడ పోతుంది. మా తొట్టివి అంత లోతైన గీతలు కావని, 70 లీటర్లకి భయం లేదని అతనే ధైర్యం చెప్పాడు.

ఇంటికొచ్చి ముందు అందరూ చెప్పే టూత్‌పేస్టు చిట్కా ప్రయత్నించాను. బోరు నీళ్ళు వదిలిన తెల్ల చారలు పోయాయి (వాటికి వెనిగరైనా చాలు), గీతలు మాత్రం శుభ్రంగా, ఇంకా బాగా కనపడ్డాయి. పంటి మీది ఎనామెల్ అద్దం కన్నా మెత్తన. పంటిని గీకకూడదని చేసిన పేస్టు అద్దాన్నేం చేస్తుంది?

పనిచేసేది సీరియం ఆక్సైడ్. గంధం రంగులో, ముట్టుకుంటే పౌడరులా ఉండే పొడి. కెమెరా కటకాలనీ, కళ్ళద్దాలనీ పాలిష్ చెయ్యడానికి వాడేది అదే. 1801లో కనిపెట్టిన సెరెస్ అనే గ్రహశకలం పేరు మీద రెండేళ్ళకి ఆ మూలకానికి సీరియం అని పేరు పెట్టారు. అది మనకేం దూరపుది కాదు. ఆంధ్రా, ఒడిశా, కేరళ తీరాల ఇసకలో ఉండే మోనజైట్‌లో అదే ఎక్కువ. అంటే అద్దం పుట్టిందీ ఇసకలోంచే, గీత పెట్టిందీ ఇసకే, గీతని మాపే పొడీ ఇసకలోంచే.

మొదటి శనివారం పొద్దున నీళ్ళు పైపుతో దింపాను. చేపల్ని వాటి పాత నీళ్ళతోనే నీలం టబ్బులోకి మార్చి, గాలి పంపూ ఫిల్టరూ అందులోనే పెట్టాను. ఫిల్టర్ స్పాంజి ఎండిపోతే అందులో పెరిగిన బ్యాక్టీరియా చస్తుంది, దాంతో పాటు చేపలూ పోతాయి. ఇసకంతా ఎత్తేసి, గీతలున్న చోట్ల అద్దం బయటివైపు స్కెచ్ పెన్‌తో సున్నాలు చుట్టాను. వాచ్‌మన్ సాయం పట్టాడు. బాల్కనీలో దుప్పటి మడతలేసి, గీతల అద్దం కిందికొచ్చేలా తొట్టిని పడుకోబెట్టాం. అలా పెడితే పొడి కలిపిన నీళ్ళు జారిపోకుండా నిలుస్తాయి.

పలచటి దోసెపిండిలా కలుపుకోవాలి. పక్కింటి వాళ్ళ డ్రిల్లు మిషనుకి ఫెల్ట్ బిళ్ళ తగిలించి, తక్కువ వేగంలో, ఒకచోట ఆపకుండా తిప్పాలి. నీళ్ళు చిలకరిస్తూనే ఉండాలి. ఈ పొడి అద్దాన్ని ఊరికే గీకదు. నీళ్ళు తగిలి అద్దం పైపొర కాస్త మెత్తబడితే, దాన్ని పట్టుకుని అణువంత అణువంత తీసేస్తుంది. పొడి ఆరితే పని జరగదు, వేడి మాత్రం పుడుతుంది. వేడెక్కితే అద్దం పగులుతుంది. అందుకని నిమిషానికోసారి ఆపి అరచెయ్యి పెట్టి చూడాలి. జ్వరం చూసినట్టు.

మొదటి గంట ఏమీ కాలేదు. గీతలు అలాగే ఉన్నాయి, నా నడుం పోయింది. రెండో గంటలో ఒక సున్నా లోపల వెతికితే, అక్కడుండాల్సిన గీతలు కనపడలేదు. తుడిచి, టార్చి వేసి, పక్కనుంచి చూశాను. లేవు. అరచేతి వెడల్పు చోటు అద్దంలా ఉంది. అంటే అద్దం అద్దంలాగే ఉంది. అంత సంతోషం నాకు జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

రెండు వారాంతాలు కలిపి పదకొండు గంటలు. అమ్మ ఎన్ని గంటలు తోమి ఉంటుందో లెక్క కట్టడానికి ప్రయత్నించాను. వారానికి రెండుసార్లు, సార్తికి అరగంటనుకున్నా నా కన్నా ఎక్కువే. నేను చూస్తున్నది గీతల్ని. ఆవిడ తోమింది తన కంట్లో ఉన్న మసకని. ఎంత తోమినా అది ఎలా పోతుంది? అయినా ఆవిడ విసుక్కోలేదు, ఇంకాస్త బలంగా రుద్దింది.

ఒకచోట నేనూ అదే పని చేశాను. ఎడమవైపు మధ్యలో ఒక గీత మొండికేస్తే పంతంగా అక్కడే తిప్పాను. గీత పోయింది, అద్దం అక్కడ కొద్దిగా గుంటపడింది. ఇప్పుడు ఆ చోటు దాటే ప్రతి చేపా ఒక్క క్షణం వంకర పోయి మళ్ళీ సరవుతుంది. మూలల్లో సిలికాన్ అతుకు ఉంటుంది కాబట్టి అక్కడికి బిళ్ళని పోనివ్వకూడదు. అక్కడివి అలాగే ఉంచేశాను. ఇంకొక ఐదింటి దగ్గర గోరు ఆగింది. అవీ వదిలేశాను.

మూడుసార్లు సబ్బు లేకుండా కడిగి, తుడిచి, నీళ్ళు నింపాక ఇంకో వింత చూశాను. మిగిలిన గీతల్లో సగం మాయమయ్యాయి. గీతల్లోకి నీళ్ళు చేరితే అలాగే అవుతుందట. కాంతి వంగే లెక్కలో గాలి 1, నీళ్ళు 1.33, అద్దం దాదాపు 1.5. గాలికీ అద్దానికీ మధ్య ఉన్నంత తేడా నీళ్ళకీ అద్దానికీ మధ్య ఉండదు. అందుకే లోపలివైపు గీతల్ని నీళ్ళు కొంత కప్పిపెడతాయి. తొమ్మిది రోజులు టబ్బులో ఉన్న చేపలు పాత ఇంట్లోకి దిగి, మూలమూలలా తిరిగి చూసుకున్నాయి.

అమ్మ శుక్రవారం సాయంత్రం వచ్చింది. నల్ల కళ్ళద్దాలు తీసి ఇల్లంతా కలియచూసింది. ఫ్యాను రెక్కల మీద దుమ్ము, గోడ మీద నూనె మరక, నా కళ్ళకింద నలుపు, అన్నీ వరసపెట్టి చెప్పింది. కాఫీ తాగి, ఆరు నెలలుగా కూర్చోని కుర్చీలో కూర్చుంది. నేనే లైటు వేశాను.

చాలాసేపు చూసింది. నల్ల మోలీకి రెక్క అంచున పసుపుగీత ఉందని అప్పుడే తెలిసిందట. తర్వాత ముందుకి వంగి, కుడి మూల దగ్గర వేలు పెట్టింది.

"ఇవేనా ఆవేళ నువ్వన్న గీతలు? నేను పెట్టినవి?"

"ఆ."

వేలు మెల్లగా అద్దం మీద జరుపుకుంటూ ఇటు చివరిదాకా వచ్చింది. మూలల్లో కొన్ని, మధ్యలో అక్కడొకటీ ఇక్కడొకటీ. లెక్కపెడుతోందని అర్థమైంది.

"ఇన్నేనా?" అంది నా వైపు తిరిగి. కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. "వీటికేనా అంత మాటన్నావు?"

డ్రిల్లు మిషను అప్పటికే పక్కింటికి ఇచ్చేశాను. మిగిలిన పొడి బాల్కనీలో, పాత పేపర్ల వెనకాల, డబ్బాలో ఉంది. చెప్పాలంటే అన్నీ చెప్పాలి. వందల గీతలుండేవని, నువ్వు చూడకముందే చెరిపేశానని.

"వీటికేనమ్మా" అన్నాను.

"చేపలు బానే కనిపిస్తున్నాయి కదే" అంది, అద్దం వైపు తిరిగిపోతూ. కాసేపాగి మేత డబ్బా ఇటివ్వమని చెయ్యి చాపింది.