క్యాషియర్ గారి అమ్మాయిని

మా నాన్న 2021 మే నెలలో కోవిడ్‌తో పోయారు. పాలకొల్లులో ఆంధ్రా బ్యాంకు హెడ్ క్యాషియర్. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారింది కానీ ఊళ్లో వాళ్లకు అది ఆంధ్రా బ్యాంకే. పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకు అని, కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ నాన్న చెప్పేవారు.

స్ట్రాంగ్‌రూము తెరవాలంటే రెండు తాళాలు పడాలి. ఒకటి ఆఫీసరు దగ్గర, ఒకటి నాన్న దగ్గర. అందుకే ఏ చుట్టాలింటికి వెళ్లినా రాత్రికి ఊరు చేరాల్సిందే. ముహూర్తం అర్ధరాత్రిదైతే సాయంత్రమే వెళ్లి కనపడి, ఆఖరి బస్సుకు వెనక్కి వచ్చేసేవారు. సాయంత్రం క్యాష్ తగ్గితే ఆ తేడా క్యాషియరే కట్టాలి. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు అలా కట్టారని అమ్మ చెబితేనే మాకు తెలిసింది. పాత ఐదొందలు, వెయ్యి నోట్లు పట్టుకుని తెల్లవారకముందే జనం వరస కట్టిన రోజులవి. వేలిముద్ర వేసేవాళ్లు వస్తే ఎంత ఇస్తున్నదీ పైకి చెప్పి, వాళ్ల ఎదుటే రెండుసార్లు లెక్కపెట్టేవారు. వెనక ఎంతమంది ఉన్నా అంతే.

ఇంట్లో అమ్మకు సుగర్. ఇన్సులిన్ పొద్దున, రాత్రి నాన్నే వేసేవారు. అమ్మకు సూదంటే భయం. బ్యాంకు నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా కాళ్లు కడుక్కుని ముందు ఆ పని చూసేవారు, తర్వాతే భోజనం.

మొదటి లాక్‌డౌన్‌లో కూడా బ్యాంకులు మూయలేదు. జన్‌ధన్ ఖాతాల్లో మహిళలకు నెలకు 500 రూపాయలు వేశారు. ఖాతా నంబరు చివరి అంకెను బట్టి రోజులు కేటాయించినా, చాలామంది మొదటిరోజే వచ్చేశారు. వాళ్లను పంపేయడానికి నాన్నకు మనసొప్పేది కాదు. ఏడాది తర్వాత రెండో వేవ్‌లోనూ కౌంటర్లో కూర్చున్నారు. టీకా ఒక డోసే పడింది.

జ్వరం నాన్నకే ముందొచ్చింది, తర్వాత అమ్మకు. అమ్మకు తేలిగ్గానే పోయింది. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. నాన్న ఆక్సీమీటరు పెట్టుకుని, పాత పే-ఇన్ స్లిప్పు వెనక టైము, దాని ఎదురుగా రీడింగు వరసగా రాసి ఫొటో పంపేవారు. 96, 95, 94. బోర్లా పడుకోమని డాక్టరు చెప్పారంటే, పడుకున్న టైము కూడా రాశారు. తొంభై కిందికి వచ్చిన రాత్రి తమ్ముడు పడక కోసం ఎన్ని చోట్లకు ఫోన్ చేశాడో వాడికే గుర్తులేదు. తెల్లవారుజామున భీమవరంలో ఒక ఆసుపత్రిలో దొరికింది. ముందు డబ్బు కడితేనే లోపలికి అన్నారట. తమ్ముడు ఏటీఎం కోసం పరిగెత్తాడు. ఊరందరి డబ్బూ లెక్కపెట్టిన మనిషి అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టుకుని బయట ఎదురుచూశారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. తగ్గాలని కూడా నేను కోరుకోవడం లేదు.

తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్. ఈ-పాస్ తీసుకుని బయల్దేరేసరికి ఒక పగలు గడిచిపోయింది. ఆంధ్రాలో మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. చెక్‌పోస్టులో ఆసుపత్రి కాగితం ఫోన్లో చూపించి బతిమాలుకున్నాను. చేరాక కూడా వార్డులోకి పంపలేదు. గేటు బయట కారులో కూర్చుంటే లోపలి సిస్టర్ ఒకావిడ వీడియో కాల్ కలిపి పెట్టింది. మాస్కు వల్ల నాన్న మాట సరిగా వినబడలేదు. “అమ్మకి రాత్రి డోసు వేశారా? యూనిట్లు రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను, చూడు తల్లీ” అన్నారు. మీకెలా ఉంది నాన్నా అంటే, చెయ్యి ఊపారు. ఆ సిస్టర్ పేరు కూడా నాకు తెలియదు. ఆవిడకు రుణపడి ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే పోయారు. సంచిలో చుట్టి ఇచ్చారు. పీపీఈ కిట్టు వేసుకుని తమ్ముడొక్కడే దగ్గరికి వెళ్లాడు. అమ్మ చివరిచూపు చూడలేదు.

పదో రోజు దాటాక బీరువాలో ఒక నోట్‌బుక్ దొరికింది. ఏ డిపాజిట్ ఎప్పటికి తీరుతుంది, పాలసీ ఏజెంటు ఎవరు, లాకరు ఎవరి పేరున ఉంది, ఎక్కడ నామినీ ఎవరు, అన్నీ పేజీ పేజీకి రాసి ఉన్నాయి. కౌంటర్లో ప్రతివాళ్లనీ నామినీ వేయించారా అని అడిగే మనిషి మరి. మరణ ధ్రువపత్రం, క్లెయిం ఫారం, అమ్మ ఆధార్ పట్టుకుని వెళ్తే డిపాజిట్ల పని చిక్కు లేకుండా అయిపోయింది. అదే నెలల్లో మనిషిని పోగొట్టుకుని, నామినీ లేక వారసత్వ పత్రాల కోసం తిరిగినవాళ్లను ఆ బ్యాంకు బెంచీ మీదే చూశాను.

ఇన్సులిన్ వేయడం తమ్ముడు నేర్చుకున్నాడు. ఫ్యామిలీ పెన్షన్ అదే బ్రాంచిలో పడుతుంది. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి అమ్మను నేను తీసుకెళ్తాను. అక్కడివాళ్లు కుర్చీ వేసి కూర్చోబెడతారు. క్యాష్ కౌంటరు వైపు చూడటం మా ఇద్దరికీ ఇంకా కష్టంగానే ఉంది.