అమ్మ సగం బిళ్ల వేసుకున్న పన్నెండు రోజులు

పోస్టు కొంచెం పెద్దది. ఇంట్లో గుండె ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే మాత్రం ఆఖరిదాకా చదవండి.

మేము విశాఖలో హాస్టల్‌లో ఒకే గదిలో ఉంటాం, నలుగురం. నలుగురివీ పాడేరు వైపు ఊళ్లే. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కినవాళ్లం మేమే మొదలు. ఇది మాలో ఒకడి అమ్మ సంగతి. ఎవడి అమ్మో రాయం. గదిలో నలుగురం ఆమెని అమ్మా అనే పిలుస్తాం, ఆమె పంపిన పసుపూ చింతపండూ నలుగురం పంచుకుంటాం.

అమ్మకి చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, కీళ్లవాపులు వచ్చాయట. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ జ్వరమే గుండె కవాటాన్ని పాడు చేసిందని పెద్దయ్యాక తెలిసింది. దాన్నే రుమాటిక్ గుండె జబ్బు అంటారు. ఆరేళ్ల క్రితం పథకం కింద ఆపరేషన్ చేసి లోహపు వాల్వు వేశారు. ఆపరేషన్‌కి మాకు ఖర్చు కాలేదు. కానీ లోహపు వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా ప్రాణం ఉన్నంతకాలం రోజూ ఒక బిళ్ల వేసుకోవాలి. రక్తం పల్చబడే బిళ్ల అంటాం కదా, అదే. రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష కూడా చేయించుకుంటూ ఉండాలి. అమ్మకి అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని పుస్తకంలో రాశారు. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం.

మొన్న వానాకాలంలో మండల కేంద్రంలో మందుల షాపాయన "ఆ బిళ్ల ఇక రాదమ్మా, కంపెనీ ఆపేసింది" అన్నాడు. బదులుగా వేరే బిళ్ల చూపించి, "ఇదీ రక్తం పల్చబడేదే, కొత్త రకం, పరీక్షలు కూడా అక్కర్లేదు" అన్నాడు. ధర విని అమ్మ వెనక్కి వచ్చేసింది. ఇంట్లో ఆరు బిళ్లలే ఉన్నాయి. మాకు సెమిస్టర్ పరీక్షలు నడుస్తున్నాయని ఫోన్ చేయలేదు. ఆరు బిళ్లల్నీ కత్తిపీట మీద సగానికి కోసి పన్నెండు రోజులు వేసుకుంది.

ఆఖరి పరీక్ష రాసి ఫోన్ చేస్తే, "ఏం లేదు బాబూ, కాస్త ఆయాసం. రేపటి నుంచి బిళ్ల లేదు" అంది. ఆ రాత్రి నలుగురికీ నిద్ర లేదు. మర్నాడు మొదటి బస్సుకి ఒకడు వెళ్లి తీసుకొచ్చాడు. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఐఎన్ఆర్ చూస్తే 1.5. ఎకో తీశారు. వాల్వు మీద గడ్డ లేదు, బాగానే కదులుతోంది అన్నారు. అయినా వార్డులో ఉంచి కొన్నిరోజులు పొట్టకి ఇంజెక్షన్లు ఇచ్చారు. డాక్టర్ గారు అమ్మని ఏమీ అనలేదు. మా వైపు తిరిగి, "వాల్వు మీద కట్టిన గడ్డ తలకి వెళ్తే పక్షవాతం. చదువుకుంటున్నారు కదా, స్ట్రిప్ వెనక ఎప్పుడైనా చదివారా?" అన్నారు. చదవలేదు సార్ అన్నాం. ఆరేళ్ల నుంచి ఆ స్ట్రిప్ మా ఇళ్లలో తిరుగుతోంది. మాకు తెలిసింది ముందువైపు పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ పేరే. వెనక చిన్నక్షరాల్లో అసలు మందు పేరు ఉంది: ఎసినోకుమరాల్, 2 మి.గ్రా.

ఆగింది ఒక కంపెనీ బిళ్ల, మందు ఆగలేదు. అదే మందుని వేరే కంపెనీలూ చేస్తాయి. మేము చీటీ పట్టుకుని తిరిగాం. ఒక జనరిక్ షాపులో ఆ రోజు లేదన్నారు. రెండోచోట ఉంది గానీ ధర ఎక్కువ. మూడోచోట వేరే కంపెనీది పాత ధర కంటే తక్కువకే దొరికింది. కానీ 1 మి.గ్రా. బిళ్లలు. అంటే రోజుకి రెండు వేసుకోవాలి. అమ్మకి చదువు రాదు, ఆరేళ్లుగా ఒకటే వేసుకునే అలవాటు. పొరపాటున ఒకటే వేసుకుంటే మళ్లీ సగం మోతాదే! అందుకని క్యాలెండర్‌లో ప్రతి తేదీ కింద రెండు సున్నాలు గీసి ఇచ్చాం. వేసుకోగానే రెండూ కొట్టేస్తుంది.

డాక్టర్ గారు, ఫార్మసీ అక్క చెప్పినవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాం.

ఒకటి. చీటీ మీద అసలు మందు పేరు, మోతాదు పెద్దక్షరాల్లో రాయమని అడగండి. స్ట్రిప్ రెండువైపులా ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి.

రెండు. వార్ఫరిన్ అని ఇంకో మందు ఉంది. అది జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, కాబట్టి ప్రభుత్వాసుపత్రి ఫార్మసీలో అడగండి. కానీ ఎసినోకుమరాల్ 2 మి.గ్రా., వార్ఫరిన్ 2 మి.గ్రా. ఒకటి కాదు. డాక్టరే లెక్కకట్టి మార్చాలి. కంపెనీ మారినా సరే, కొద్దిరోజుల్లో ఐఎన్ఆర్ చూపించుకోవాలి.

మూడు. షాపాయన చూపించిన "కొత్త రకం" గురించి అడిగితే డాక్టర్ గారు తల పట్టుకున్నారు. డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్ లాంటివి వేరే జబ్బులకి మంచి మందులే. లోహపు వాల్వు ఉన్నవాళ్లకి మాత్రం ఇవ్వకూడదు. డాబిగాట్రాన్‌ని అలాంటివాళ్లలో పరీక్షించి చూస్తే గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువై, పరీక్షనే మధ్యలో ఆపేశారట. ఆరోజు అమ్మ దగ్గర డబ్బులు లేకపోవడమే మంచిదైంది.

నాలుగు. జన్ ఔషధి మందులు వెతకడానికి జన్ ఔషధి సుగమ్ యాప్ ఉంది. ధరలు పోల్చుకోవడానికి ఫార్మా సహీ దామ్ ఉంది. రెండింట్లోనూ కంపెనీ పేరుతో కాకుండా మందు పేరుతో వెతకండి.

ఐదు. ధరల నియంత్రణలో ఉన్న మందుని కంపెనీ ఊరికే ఆపేయకూడదు. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఆరు నెలల ముందే బహిరంగంగా నోటీసు ఇవ్వాలి. ప్రజలకి అవసరమైతే ఇంకో ఏడాది దాకా తయారు చేయమని ప్రభుత్వం ఆదేశించొచ్చు. అలాంటి నోటీసు మా కొండ మీదకి ఎలా వస్తుందని అడక్కండి. మేమూ అదే అనుకున్నాం.

ఆరు. రెండు వారాల బిళ్లలు ఎప్పుడూ ఇంట్లో ఎక్కువ ఉంచండి. వానలకి ఘాట్‌రోడ్డు మూసేస్తే అవే దిక్కు. నొప్పులకి ఊళ్లో సూది వేయించుకునే ముందు ఈ బిళ్ల సంగతి చెప్పాలి. కొన్ని నొప్పిమందులు దీనితో కలిస్తే రక్తస్రావం అవుతుంది. వేరుమందులైనా అంతే, డాక్టర్‌కి చెప్పాకే. వానాకాలంలో కొండ మీద ఆకుకూరలు విపరీతంగా తింటాం కదా, వాటిలోని విటమిన్ కె ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది. మానెయ్యక్కర్లేదు, ఏడాది పొడవునా ఒకే తీరుగా తినమన్నారు.

పది రోజుల తర్వాత అమ్మ ఐఎన్ఆర్ 2.8 వచ్చింది. నలుగురం ఆ కాగితాన్ని మార్కుల లిస్టులా ఒకరి తర్వాత ఒకరం చూసుకున్నాం. బిళ్లలకైన ఖర్చు కంటే బస్సులకీ జీపులకీ అయిందే ఎక్కువ. ఆ పరీక్ష మన కొండ మీదే దొరికేలా ఐటీడీఏలో అర్జీ పెడదామనుకుంటున్నాం. ఇలాంటి అమ్మలు, అయ్యలు మీ ఊళ్లలో ఎవరున్నారో కామెంట్లో చెప్పండి, కలిసి వెళ్దాం.

అమ్మని బస్సెక్కించేటప్పుడు, "ఈసారి పరీక్షలున్నా సరే ఫోన్ చెయ్యాలి" అన్నాం. "మీ చదువు పాడవదా?" అంది. మందు పేరు చదవడానికి పనికిరాకపోతే ఆ చదువెందుకమ్మా అందామనుకున్నాం. బస్సు కదిలిపోయింది.

మీ ఇంట్లో స్ట్రిప్ ఉంటే ఇప్పుడే లేచి వెనక్కి తిప్పి చదవండి.