చింతాద్రిపేటకు చేరిన ఆల్విన్

చింతాద్రిపేటలోని మరమ్మతు షెడ్డులోకి అడుగుపెట్టగానే మేస్త్రీ మా పాత ఫ్రిజ్‌ను వెనక్కి తిప్పారు. ముందువైపు అందరూ చూస్తారు, జబ్బు తెలిసేది వెనకవైపే అన్నారు. నల్లరంగు పెచ్చులూడిన కండెన్సర్ తీగలు, కింద కంప్రెసర్, దాని పక్కన రిలే. రాగి గొట్టాలు ఎక్కడా తెగలేదు. ఆ ఒక్క మాటతో నా మిత్రుడి ముఖం వెలిగింది.

ఈ ఫ్రిజ్ దొరికింది కూవం అవతల పుదుపేటలో. కార్ల, బైకుల విడిభాగాలకు పేరుపడ్డ ఆ సందుల్లో, ఒక పాతసామాన్ల అంగడి వెనక నిలబెట్టి ఉంది. ఎవరిదో పాత ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిందట. మామూలుగా ఇలాంటివి తూకానికి పోతాయి. అంతకంటే ముందే రాగి కోసం గొట్టాలు కోసేస్తారు. కోసిన గొట్టం నోరు తెరుచుకుని ఉంటే మద్రాసు గాలిలోని తేమ కంప్రెసర్ దాకా పోతుంది. లోపలి నూనె చెడిపోతుంది, లోహం తుప్పు పడుతుంది. అందుకే పాత ఫ్రిజ్ కొనబోయేవాళ్లు రంగు, హ్యాండిల్ చూసి మురిసిపోకుండా ముందు వెనక్కి వెళ్లి గొట్టాలు చూడాలని మేస్త్రీ చెప్పారు. ఇది అందరికీ తెలియాల్సిన మాట.

మిత్రుడు ఏదో ఒక పాత ఫ్రిజ్ కోసం తిరగలేదు. అతనికి ఆల్విన్ కావాలి. వాళ్ల నాన్నగారు హైదరాబాదు ఆల్విన్ ఫ్యాక్టరీలో పనిచేశారు. 1942లో, నిజాం కాలంలో మొదలైన ఆల్విన్ మెటల్ వర్క్స్ బీరువాలు చేసింది, బస్సులకు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, తర్వాత జపాన్ సైకో సాంకేతికతతో చేతిగడియారాలు, ఆపైన పుష్పక్ స్కూటర్లు కూడా చేసింది. 1990లలో ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. ఇప్పుడు ఆ పేరు హైదరాబాదులో ఒక కాలనీకీ, ఒక కూడలికీ మిగిలింది. అక్కడ ఎన్నో ఇళ్లలో పెళ్లినాటి ఆల్విన్ బీరువా ఇంకా ఉంది. ఫ్రిజ్‌లు మాత్రం మాయమయ్యాయి. బీరువా తుప్పు పట్టినా బీరువానే. గ్యాస్ పోయిన ఫ్రిజ్‌ను ఇంట్లో ఎవరూ ఉంచుకోరు.

కొందరు ఉంచుకుంటున్నారు, పుస్తకాల అలమరగానో సీసాల పెట్టెగానో మార్చి. నాకది నచ్చదు. చల్లబరచడానికి పుట్టిన యంత్రాన్ని బాగుచేశామంటే అది చల్లబరచాలి. మేస్త్రీదీ అదే మాట. "రంగేసి ఇచ్చేదానికి నేనెందుకు సార్, పెయింటర్ ఉన్నాడు గదా!"

ఆయన పూర్వీకులు ఈ పేటకు నేతపనికి వచ్చిన తెలుగువాళ్లు. 1730లలో ఈస్టిండియా కుంఫిణీవాళ్లు నేతగాళ్ల కోసం కట్టించిన పేట ఇది. మగ్గాలు ఎప్పుడో పోయాయి, ఇంట్లో తెలుగు నిలిచింది.

పని వరసగా చూశాను. మొదట కంప్రెసర్‌కు నేరుగా కరెంటు ఇచ్చి, అది తిరుగుతుందో లేదో, ఎంత కరెంటు లాగుతుందో క్లాంప్ మీటరుతో చూశారు. తిరిగింది. రిలే కాలిపోయి ఉంది, మార్చారు. తర్వాత నైట్రోజన్ ఎక్కించి, అతుకులన్నిటికీ సబ్బు నురగ పూశారు. ఫ్రీజర్ మూలన ఒకచోట బుడగ లేచింది. మంచు గడ్డకడితే కత్తితో పొడిచి ఊడదీసే అలవాటు ఎన్ని ఫ్రీజర్లను చంపిందో అని నిట్టూర్చి, ఆ చిల్లు మూశారు. ఫిల్టరు కొత్తది వేశారు, కేపిలరీ గొట్టాన్ని నైట్రోజన్‌తో ఊది శుభ్రం చేశారు.

అసలు చిక్కు గ్యాస్ దగ్గరే ఉంది. ఈ ఆల్విన్ కాలపు ఫ్రిజ్‌లు దాదాపు అన్నీ ఆర్-12 అనే ఫ్రియాన్ గ్యాస్ మీద నడిచేవి. అంతకుముందు అమెరికాలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు, లీకైతే ప్రాణం మీదికి వచ్చేది. 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందం తయారుచేసిన ఫ్రియాన్ మనిషికి హాని చేయలేదు, మంట అంటుకోలేదు. ఆకాశంలో ఓజోన్‌ను అది తినేస్తుందని 1974లో గానీ మొలీనా, రోలండ్ చెప్పలేదు. ఇలాంటి గ్యాసులను ఆపడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, 1992లో భారత్ అందులో చేరింది. ఇప్పుడు ఆర్-12 వాడకూడదు. దాని బదులు వచ్చిన ఆర్-134ఏ వేద్దామంటే పాత కంప్రెసర్‌లోని ఖనిజ నూనెతో అది కలవదు.

మేస్త్రీ ఎంచుకున్నది ప్రొపేన్, ఐసోబ్యూటేన్ సగంసగం కలిపిన మిశ్రమం. పాత నూనెతోనే కలుస్తుంది, ఓజోన్‌కు హాని లేదు. ఆర్-12 వంద గ్రాములు పట్టే చోట ఇది నలభై గ్రాములకు కాస్త అటూఇటూ చాలు. అయితే ఇది వంటగ్యాస్ జాతి, అంటుకుంటుంది. అందుకని థర్మోస్టాట్, తలుపు దగ్గరి లైటు స్విచ్, రిలే, నిప్పురవ్వ పుట్టే ప్రతిదాన్నీ మూసి ఉన్న రకంతో మార్చారు. గ్యాస్ పని జరిగినంతసేపూ షెడ్డు తలుపులు బార్లా తెరిచి, గొట్టాలు అతికే గ్యాస్ టార్చిని బయటికి పంపేశారు. తూకపు యంత్రం మీద గ్రాముగ్రాము చూస్తూ ఎక్కించే ఆ ఓపిక లేనివాడు ఈ పని ముట్టుకోకూడదు.

అంతకుముందు వాక్యూమ్ పంపు నడవాలి, తేమ పూర్తిగా పోయేదాకా. ఆ వ్యవధిలో నేనూ మిత్రుడూ ట్రిప్లికేన్ మీదుగా మెరీనా ఒడ్డుకు వెళ్లాం. అక్కడి గుండ్రటి భవనం ఐస్‌హౌస్. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ మసాచుసెట్స్ చెరువుల మంచుగడ్డలను రంపపుపొట్టులో పొదిగి, నెలల తరబడి ఓడలో తెచ్చి, 1842లో కట్టిన ఆ ఇంట్లో దాచాడు. 1870లలో మద్రాసులోనే ఐసు తయారవడంతో ఆ వ్యాపారం చితికిపోయింది. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు బస చేసింది ఇక్కడే, 1963 నుంచి అది వివేకానందర్ ఇల్లం. పక్క పోలీస్ స్టేషన్ పేరు మాత్రం ఇప్పటికీ ఐస్‌హౌసే. ఒక ఊరు చల్లదనం కోసం ఇంత దూరం చేయి చాచిందని ఆ గోడల ముందు నిలబడితే తెలుస్తుంది. ఆ తర్వాత వంటింట్లోకొచ్చిన ఫ్రిజ్ విలువ నా మనసులో ఇంకా పెరిగింది.

తిరిగొచ్చేసరికి టింకరింగ్ కుర్రాడు తలుపు అడుగున తుప్పు గీకి, పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ఆల్విన్ పేరున్న లోహపు బిళ్లను విప్పి గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. తలుపు రబ్బరు కొత్తది, అయస్కాంతంతో పట్టేది. పాత గడియ హ్యాండిల్ అందంగానే ఉంది, కానీ లోపలి నుంచి తెరుచుకోదు. దొంగాట ఆడుతూ అలాంటి పెట్టెల్లో చిక్కుకుని పిల్లలు చనిపోయారని అమెరికా 1956లో చట్టమే చేసింది. మేస్త్రీ హ్యాండిల్ ఉంచి, లోపలి కొక్కెం పీకేశారు. అసలు రూపం పోతుందని మిత్రుడు కాస్త గొణిగాడు. నేను మేస్త్రీ పక్షమే.

రంగు ఆరాక ఫ్రిజ్ ఆన్ చేశారు. కాసేపటికి ఫ్రీజర్ అంతటా ఒకే మందాన తెల్లటి పొర పట్టింది. గ్యాస్ సరిగ్గా సరిపోయిందనడానికి అదే గుర్తు. థర్మామీటరు అయిదు డిగ్రీలకు దిగింది. డబ్బు లెక్క తేలాక మేస్త్రీ మిత్రుడికి జాగ్రత్తలు చెప్పారు: వ్యానులో నిలువుగానే తీసుకెళ్లాలి, ఇంటికెళ్లాక నూనె కంప్రెసర్‌లోకి దిగేదాకా కొన్ని గంటలు ప్లగ్గు పెట్టకూడదు, స్టెబిలైజర్ లేకుండా నడపకూడదు. గోడకు జానెడు దూరం ఉంచమన్నారు.