ఇంజను పట్టేసింది, తిట్లు మెకానిక్ తిన్నాడు

కొంచెం పెద్ద పోస్టు. ఆయిల్ ఇంజను ఉన్నవాళ్ళు ఓపిగ్గా చదవండి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు ఊరి మీద పడ్డప్పుడు నేను భవానీపురం నుంచి సింగ్‌నగర్‌లో చిక్కుకున్న మావాళ్ళ కోసం తిరుగుతున్నా. చేలో ఇంజను సంగతి ఎవడికి గుర్తుంటుంది? నీళ్ళు తీశాక వెళ్తే ఐదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజను ఫ్లైవీలు దాకా ఒండ్రులో కూరుకుపోయి ఉంది. ఆ చెక్కకి కరెంటు లేదు, ఉన్న ఆధారం అదే.

మాకు తెలిసిన మెకానిక్ కుర్రాడు వచ్చాడు. పిస్టను, రింగులు తుప్పుపట్టాయి, కొత్తవి వేశాడు. "బాబాయ్, కింద కూడా విప్పి క్రాంకు కడుగుదాం, మట్టి ఎక్కడెక్కడ చేరిందో" అన్నాడు. పంట పోయింది, చేతిలో డబ్బుల్లేవు. "పైపైన కానివ్వరా, ఆయిలు మారిస్తే చాల్లే" అన్నా. ఆయిలు మార్చాం, స్టార్ట్ అయింది, సంబరపడ్డాం.

మళ్ళీ బెండ వేశా. మూడో తడికి నీళ్ళు పెడుతుంటే అరగంటకి టకటకమని శబ్దం, పొగ, టక్కున ఆగిపోయింది. హ్యాండిలు వేస్తే కదల్లేదు. దానికి పైపు తొడిగి బలవంతంగా తిప్పబోయా. మీరు ఆ పని చేయకండి, రాడ్డు వంగుతుంది. అక్కడే నిలబడి ఆ కుర్రాడికి ఫోన్లో నానా మాటలూ అన్నా. పాపం ఏమీ అనకుండా సాయంత్రానికి వచ్చాడు.

ముందు ఇంజెక్టరు ఊడదీసి తిప్పాడు. సిలిండర్లోకి నీళ్ళో డీజిలో దిగి ఆగిపోతే ఆ కంతలోంచి కక్కేసి తిరుగుతుందట. తిరగలేదు. తర్వాత హెడ్డు విప్పాడు, లైనరు నున్నగా ఉంది, ఒక్క గీత లేదు. అంటే కొత్త పిస్టను తప్పు కాదు. అప్పుడు పక్క డోరు తీసి కనెక్టింగ్ రాడ్డు కిందున్న క్యాపు విప్పాడు. గట్టిగా అతుక్కుని, తట్టితేగానీ రాలేదు. వచ్చాక క్రాంకు వేలితో తిరిగింది, పిస్టను పైకీ కిందకీ ఆడింది. రెండూ బాగుంటే పట్టేసింది మధ్యలో ఉన్న బిగ్ ఎండ్ బేరింగే కదా. చూస్తే బేరింగు కరిగి క్రాంకు పిన్నుకి పూతలాగా అంటుకుంది. పిన్ను మీది ఆయిలు కంతలో సన్న తీగ పెడితే ఎండిన బుడమేరు మట్టి రాలింది. ఆయిలు నిండుగానే ఉంది, దానికి చేరే దారే లేదు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వాడు మాత్రం "ఆటోనగర్ పోదాం బాబాయ్, క్రాంకు గ్రైండింగ్ చేయించి అండర్‌సైజు బేరింగులు వేద్దాం" అన్నాడు. మొదట మిగుల్చుకున్నదానికి మూడింతలు అయింది. ఆ వారం అద్దె ఇంజను పెట్టి చేను కాపాడుకున్నా, ఆ ఖర్చు వేరే.

ఈసారి క్రాంకు కంతలన్నీ డీజిలుతో కడిగి గాలి కొట్టించాం, ఆయిలు జల్లెడ మార్చాం. బేరింగు నట్టు ఒక్కోటి బిగించినప్పుడల్లా ఫ్లైవీలు చేత్తో తిప్పి చూశాడు. లోడు లేకుండా అరగంట నడిపి, ఆ ఆయిలు తీసేసి కొత్తది పోశాడు. ఒండ్రులో మునిగిన ఇంజను ఎవరి దగ్గరన్నా ఇంకా పైపైన బాగుచేయించి ఉంటే, ముందు పక్క డోరు విప్పించండి. కూలి ఎంతని అడిగితే ఆ కుర్రాడు ఇంకా చెప్పలేదు. ఈ ఆదివారం బెండకాయలు ఓ సంచి పట్టుకుని వాళ్ళింటికి వెళ్తున్నా.