అనంతగిరి దారిలో తుమ్మెద

దసరా సెలవుల్లో ఒకరోజు ఇంటిల్లిపాదిమి వికారాబాదులో రైలు దిగి, అనంతగిరి కొండలకు బయలుదేరాము. మూసీనది పుట్టేది ఈ కొండల్లోనే. అడవి చూడాలని వెళ్లినవాళ్లం, దారి పక్కన విరగబూసిన తంగేడు దగ్గరే గంటసేపు ఆగిపోయాము.

ఒక నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకున్నది. రెక్కలు కదపకుండానే జుమ్మని వణికింది. ఎగిరేటప్పటి చప్పుడు వేరు, ఇది వేరు. “దానికి కోపమొచ్చింది నాన్నా!” అన్నాడు మా చిన్నవాడు.

కోపం కాదు, అది దాని పని. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. అదీ కేసరాల లోపల దాగి ఉంటుంది, కొనల్లో సన్నని రంధ్రాలే దారి. ఉప్పుడబ్బా విదిలించినట్లు వణికిస్తే గాని రాలదు. తేనెటీగకు ఈ విద్య రాదు.

కొంచెం దూరంలో నేలబారుగా తుమ్మి పూసింది. కూర వండుకోవడమే గాని ఆ తెల్లపూలను మేము ఎన్నడూ వంగి చూసినవాళ్లం కాము. తేనెటీగ తల లోపలికి దూర్చగానే పై రేకు చాటునున్న కేసరాలు దాని వీపును తాకుతున్నాయి. అది ఆ పొడితోనే పక్క పువ్వుకు పోతున్నది.

అక్కడ మాకు మా పెరటి గుమ్మడిపాదు గుర్తుకు వచ్చింది. ఆ ఏడు పూత దండిగా వచ్చినా పిందెలన్నీ పసుపుబారి రాలిపోయాయి. అమ్మమ్మ దిష్టి అన్నది. మేమేమో పురుగనుకొని, రోజూ తెల్లవారగానే మందు కొట్టాము. గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి పోదు, ఈగ మోయవలసిందే. పువ్వు తెల్లవారుజామున విచ్చుకొని మధ్యాహ్నం కాకముందే ముడుచుకుంటుంది. సరిగ్గా ఆ వేళకే మా మందు! పైగా శుభ్రమని గట్టు మీది తుమ్మిని పీకించాము. తుమ్మెద తొలుచుకొని కాపురముండే ఎండు వెదుళ్లను పొయ్యిలో పెట్టాము.

తిరిగి వచ్చిన మరునాడు పొద్దున్నే మగపువ్వు కోసి, రేకులు తీసేసి, పిందె ఉన్న పువ్వులకు అద్దాము. అయిదింటిలో మూడు నిలిచాయి. ఇప్పుడు మందు తప్పనిసరైతేనే, అదీ పూలు ముడుచుకున్నాక సాయంత్రం కొడుతున్నాము. గట్టు మీద తుమ్మి మళ్లీ మొలిచింది. నిన్న దాని మీద రెండు తేనెటీగలు కనబడ్డాయి. తుమ్మెద ఇంకా రాలేదు.