ఆగడం తెలిసిన ఆట

వీడియో గేములలో యుద్ధం అనగానే మన ఇళ్లలోని పెద్దల మనసులో మెదిలేది కన్నూ చేయీ పోటీపడే వేగం. చాలా ఆటల విషయంలో ఆ అభిప్రాయం సరైనదే. అయితే, ఒక బృందాన్ని వెంటబెట్టుకొని సాగే కాల్పనిక గాథల ఆటలు కొన్ని ఉన్నాయి. వాటిలో గెలుపు వేళ్ల చురుకుదనంపై కాక, ఎక్కడ ఆగాలో తెలియడంపై ఆధారపడుతుంది. వాటిలో మంత్రతంత్రాలు ఉన్న మాట నిజమే. దానిపై చెప్పవలసిన మాట వేరే ఉంది, ఆ చర్చ మరో సందర్భానికి ఉంచుదాం. ఇక్కడ నా ప్రస్తావన పోరాటం నడిచే తీరుకే పరిమితం.

నా చెల్లెలి కుమారుడికి పంతొమ్మిదేళ్లు. పుట్టుకతోనే అతడి కుడిచేతి వేళ్లకు పట్టు తక్కువ. క్రికెట్ ఆడేటప్పుడు స్నేహితులు అతడికి స్కోరు రాసే పని అప్పగించేవారు. సెల్‌ఫోన్లలోని కాల్పుల ఆటల్లో రెండు నిమిషాలైనా నిలిచేవాడు కాదు. కొంతకాలానికి జట్టులోకి పిలవడమే మానుకున్నారు. అటువంటి కుర్రవాడు ‘బాల్డర్స్ గేట్’ అనే పాత కంప్యూటర్ ఆటలో ఆరుగురి దళానికి నాయకుడయ్యాడు. కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ రూపొందించిన ఆ ఆట 1998లో వెలువడింది.

అందులో కాలం ప్రవాహంలా సాగిపోతూ ఉంటుంది. ఒకడు కత్తి ఎత్తుతాడు, మరొకడు బాణం సంధిస్తాడు, మాంత్రికుడు పెదవులు కదుపుతాడు. అన్నీ ఏకకాలంలోనే. స్పేస్ బార్ నొక్కితే సమస్తం స్తంభిస్తుంది. ఆ నిశ్చలతలో ఆరుగురికీ ఆరు ఆజ్ఞలిచ్చి మళ్లీ నొక్కితే యుద్ధం కదులుతుంది. చేతికి పని స్వల్పం, బుద్ధికి పని అధికం. శత్రువు కనబడినప్పుడు, సహచరుడు గాయపడినప్పుడు తనంతట తానే ఆగేలా ఆటను ముందుగా అమర్చుకోవచ్చు కూడా.

పైకి ఎడతెరిపి లేకుండా కనిపించినా, లోపల కాలం ఆరేసి సెకన్ల రౌండ్లుగా విభజితమై ఉంటుంది. మాంత్రికుడికి రౌండుకు ఒక్క మంత్రమే. అది పూర్తి కాకముందే దెబ్బ తగిలితే మంత్రం వృథా. అతడు విసిరే అగ్నిగోళానికి మిత్రశత్రు భేదం లేదు. దగ్గరలో నిలిచిన మనవాళ్లనూ కాలుస్తుంది. అందుచేత ఎవరు ఎక్కడ నిలవాలన్నదే అసలు ప్రశ్న. కవచధారిని ఇరుకు గుమ్మంలో నిలిపి, విలుకాండ్రను అతడి వెనుక ఉంచాలి. “మామూ, గుమ్మం మన చేతిలో ఉంటే పదిమంది వచ్చినా ఒక్కొక్కడుగానే రావాలి కదా!” అని మావాడు నాకు బోధించాడు. చెప్పినంత సులభమూ కాదు. ఇరుకు దారిలో సహచరులు ఒకరికొకరు అడ్డుపడి, చెప్పిన చోటికి వెళ్లక చుట్టుదారి పడతారు. మా తరగతిలో వరుస కట్టమన్నప్పుడు పిల్లలు చేసేదీ ఇదే.

నేను ఖిరాత్ బోధించేవాడిని. ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు అన్నది మాకు ఒక ప్రత్యేక విద్య. తగని చోట ఆగితే అర్థమే తారుమారవుతుంది. మావాడు స్పేస్ బార్‌పై వేలుంచి నిరీక్షించే తీరు నన్ను ఆకట్టుకున్నది అందుకే కాబోలు. కొత్తవారు అరక్షణానికోసారి ఆపుతారు, అప్పుడు యుద్ధం తునాతునకలవుతుంది. మాంత్రికుడు మంత్రం మొదలుపెట్టే ముందు ఒకసారి, శత్రువు దిశ మార్చినప్పుడు మరొకసారి ఆపితే తరచూ చాలు. బలహీనమైన శత్రువులైతే ఆపనే అక్కర లేదు.

ఈ పద్ధతి వారసులు కొందరున్నారు. 2009లో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’లో ప్రాణశక్తి ఇంతకు తగ్గితే మందు తాగు అన్నట్లుగా సహచరులకు షరతులతో కూడిన ఆదేశాలు ముందే రాసిపెట్టవచ్చు. 2024లో వచ్చిన అదే వరుస ఆటలో మాత్రం సహచరులను నేరుగా నడిపే అవకాశం తీసివేశారు. ‘పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ’ రెండవ భాగం 2018లో పాత పద్ధతిలోనే వచ్చి, మరుసటి ఏడాది వంతులవారీ విధానాన్ని కూడా చేర్చుకున్నది. బెల్జియంకు చెందిన లారియన్ సంస్థ 2023లో తెచ్చిన మూడవ ‘బాల్డర్స్ గేట్’ పూర్తిగా వంతులదే. అందులో దళం నలుగురిది.

ఈ మార్పు నాకు నచ్చలేదు. ఆట తానే ఆగి మనకోసం వేచి ఉంటే, ఎప్పుడు ఆగాలన్న వివేకానికి పనేమున్నది? పైగా అల్పమైన శత్రువులతో తలపడినా ప్రతి వంతూ లెక్కించవలసిందే, క్షణాల్లో ముగియవలసినది నిమిషాలు పడుతుంది. ఇదే మావాడితో అన్నాను.

అతడు వెంటనే బదులు చెప్పలేదు. కొంతసేపటికి, “మీరు చెప్పింది ఒంటరిగా ఆడేవాడికి సరిపోతుంది మామూ,” అన్నాడు. “పాత ఆటను నలుగురం కలిసి ఆడితే, నేను ఆపినప్పుడల్లా అందరికీ ఆగుతుంది. రెండుసార్లు ఊరుకుంటారు, మూడోసారి విసుక్కుంటారు. నా చేయి గురించి ఎవరూ ఏమీ అనరు కానీ, అందరికీ తెలుస్తూనే ఉంటుంది. ఇందులో ఆగడం నా ఒక్కడి కోసం కాదు. అందరూ అందరి కోసం ఆగుతారు.”

నా అభిరుచి మారలేదు, నాకు పాత ఆటే మేలుగా తోస్తుంది. కానీ అతడికి బదులివ్వడానికి నా వద్ద మాట లేకపోయింది. ఇప్పుడు శనివారం రాత్రి, ఇషా నమాజు అనంతరం, ఒకప్పుడు జట్టులోకి పిలవడం మానుకున్న ముగ్గురూ ఎవరి ఇంట్లో వారు కంప్యూటర్ ముందు కూర్చుంటారు. గుమ్మంలో ఎవరు నిలవాలో మావాడే నిర్ణయిస్తాడు.